జలపాతమునకు పైన నేమున్నది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



2015 లో విడుదలయైన ‘బాహుబలి’ చిత్రమును చూడనివారు తెలుగునాట అరుదు. అందు కథానాయకుడు ఆకాశమునుండి దిగుచున్నదా యన్నంత ఎత్తైన జలపాతమును చూచి, దానికి పైన నేమున్నదో తెలిసికొనవలెనని పట్టుపట్టి, పలుమారులు జారిపడి, తుదకు పైకెక్కును. ఆ దృశ్యములకు ఆధారమైనది కేరళ రాష్ట్రమున త్రిశ్శూరు జిల్లాలోని అతిరప్పిళ్ళి జలపాతము. కొండను అంత ఎత్తు పెంచినది కంప్యూటరు నిపుణుల నేర్పు. అసలు జలపాతము 80 అడుగులు, అనగా సుమారు 24 మీటర్లు మాత్రమే. ఎదిగిన కొబ్బరిచెట్టు మీద మరియొక లేతచెట్టును నిలిపినంత.

చిత్రమును మనసులో నుంచుకొని పోయినవారికి ఈ 80 అడుగులు చాలవు. “ఇంతేనా?” అని పెదవి విరుతురు. క్రింద నిలిచి ఫొటో తీయించుకొని, టీ త్రాగి, వచ్చిన బండిలోనే మరలిపోవువారికి ఆ వెలితి తీరదు. కాని కథానాయకుడు వేసికొన్న ప్రశ్న వట్టి సినిమా ప్రశ్న కాదు. జలపాతమునకు పైన నిజముగానే యొక లోకమున్నది. ఒక్క పగటిలో దానిని చూచి రావచ్చును. దానిని గూర్చి పాతికేండ్లుగా సాగిన తగవు కూడ అచ్చటనే యున్నది.

చాలక్కుడి పట్టణము త్రిశ్శూరునకు దక్షిణమున, రైలుమార్గము మీదను జాతీయ రహదారి మీదను ఉన్నది. అతిరప్పిళ్ళికి పోగోరువారు అచ్చట దిగవలెను. అచ్చటినుండి తూర్పుగా పోవు బాట కొబ్బరి, పోక, రబ్బరు తోటలగుండ సాగి, నూనెతాటి తోటలను దాటి, సుమారు 30 కిలోమీటర్లకు జలపాతము చేరును. అచ్చటితో ఆగక అదే బాట అడవిలోబడి వాళచ్చాల్, పొరింగళ్‌కుత్తు, షోలయార్ ప్రాంతముల మీదుగా మలక్కప్పారకును, అటుపై తమిళనాటి వాల్పారైకిని పోవును. చాలక్కుడినుండి మలక్కప్పారకు 80 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఉదయమున బయలుదేరి చీకటిపడు వేళకు మరలి వచ్చునట్లు మార్గదర్శకులతో గూడిన విహారయాత్రలు ఈ బాటన ఏర్పడినవి. కేరళ రోడ్డురవాణా సంస్థవారును 2021 లో ఇట్టి యాత్రలు ప్రారంభింపగా, కారు లేని సంసారులు కూడ పిల్లలను వెంటబెట్టుకొని ఆ అడవిని చూడగలిగిరి. ఇది మెచ్చదగిన పని.

జలపాతమును మొదట పైనుండి చూపుదురు. నది బండలమీద విశాలముగా, ఏ తొందరయు లేనట్లు వచ్చి, ఒక అంచుకడ హఠాత్తుగా మాయమగును. శబ్దము మాత్రము క్రిందినుండి లేచి వచ్చుచుండును. అంచునకు ఎవరును పోకుండ వన సంరక్షణ సమితివారు కాపలా యుందురు. తరువాత రాళ్ళబాటన క్రిందికి దిగవలెను. దిగుటకు పదునైదు నిమిషములు చాలును. ఎక్కుటకు పట్టు కాలము వారివారి వయసునుబట్టి యుండును. వర్షకాలమున నీరంతయు ఒకే తెరయై దూకి, తుంపర పొగవలె లేచి, చూచువారిని తలనుండి కాలివరకు తడుపును. మాఘ ఫాల్గుణములకు ఆ తెర చీలి మూడు నాలుగు పాయలగును.

మార్గదర్శి అచ్చట చెప్పు మొదటి మాట: “నీటిలో దిగవలదు.” బండలు నునుపు, లోతు తెలియదు అన్న కారణములు అందరును ఊహింపగలరు. మూడవ కారణము మాత్రము కొత్తవారికి వింతగా తోచును. ఆకాశమున మబ్బు లేకున్నను ఈ నది పొంగును. ఎగువన విద్యుత్కేంద్రమున్నది. వేసవిలో అది నడచు వేళల ననుసరించి నదిలో నీరు హెచ్చుచు తగ్గుచుండును. ప్రకృతి సౌందర్యమని చూడవచ్చిన ఈ జలపాతము ఏడాదిలో కొన్ని నెలలు ఒక యంత్రశాల గడియారమును బట్టి పారుచున్నదన్నమాట. యాత్రికులు ఈ మాట విని ఊరకుందురు. పైకి పోయిన కొలది దీని భావము తెలియవచ్చును.

అతిరప్పిళ్ళికిని వాళచ్చాల్‌కును నడుమ, బాట ప్రక్కనే, చార్ప యను చిన్న జలపాతము కలదు. వానలలో దాని తుంపర రోడ్డు మీదనే పడును. ఎండలలో అది నల్లని బండ మాత్రమే. వాళచ్చాల్‌కడ నది దూకదు, దొర్లును. బండలనడుమ నురుగులు కక్కుచు వాలుగా దిగిపోవుచుండును. అచ్చట అటవీశాఖవారి తనిఖీ కేంద్రమున్నది. బండి సంఖ్యయు, ప్రవేశించిన వేళయు వ్రాసికొని, వెంట నున్న ప్లాస్టిక్ సీసాలను సంచులను కూడ లెక్కింతురు. చీకటిపడిన పిమ్మట యాత్రికుల బండ్లను లోనికి విడువరు. రాత్రి బాట ఏనుగులది.

ఇక అడవి. ఉష్ణమండల వర్షారణ్యమనగా నేమో పుస్తకమున చదువుట వేరు, దానిలో నిలుచుట వేరు. చాలక్కుడి నదీ పరీవాహమున సాలున కురియు వర్షము సుమారు మూడు వేల మిల్లీమీటర్లు. కోస్తా ఆంధ్రమున కురియుదానికి ఇంచుమించు మూడింతలు. చెట్లు నూరడుగులు పెరిగి, పైన కొమ్మలు కలుపుకొని కప్పు వేసినట్లుండును. మిట్టమధ్యాహ్నమునను క్రింద సంధ్యవెలుగే. కంటికి ఎదురుగా పువ్వులు కనబడవు. పూచునదంతయు పైకప్పు మీద. మార్గదర్శి రాలిన ఆకునొకదానిని తీసి అరచేతిలో నుంచి చూపును. దాని కొన తోకవలె సాగి యుండును. అన్ని మాసములు తడిసెడి ఆకుపై నీరు నిలిచినచో నాచుపట్టును. కావున నీరు జారిపోవుటకు ఆకు తనకు తానే తూము అమర్చుకొన్నది.

వ్యవసాయదారుడు ఈ అడవిని చూచి మొదట ఒక పొరపాటు పడును. ఇంత దట్టముగా చెట్లు పెరిగిన నేల ఎంతటి సారవంతమో యని. నిజమునకు ఆ నేల బలహీనము. ఎడతెగని వాన మట్టిలోని సారమును కడిగివేయుచునే యుండును. అచ్చటి సంపద నేలలో కంటె చెట్లలోనే అధికముగా నిలువయున్నది. రాలిన ఆకు వేడికిని తేమకును శీఘ్రముగా కుళ్ళును. కుళ్ళిన మరుక్షణమే నేలపై పరచుకొన్న వేళ్ళు దానిని పీల్చుకొనును. వేళ్ళు లోతునకు పోకుండుటచే మహావృక్షములు పడిపోకుండ మొదళ్ళ చుట్టును పలకలవంటి దన్నులు లేపుకొని నిలుచును. చెట్లు పోయినచో సారమును పోవును. ఒకటి రెండు పంటలు చూపి ఆ నేల వాగులపాలగును.

వాన ఈ అడవిలో తిన్నగా నేలమీద పడదు. కొమ్మనుండి కొమ్మకు జారి, బెరడు వెంట దిగి, ఆకుచెత్తలో ఇంకి, తీరికగా వాగులకు చేరును. పైన వర్షము వెలిసిన అరగంటకు కూడ క్రింద చినుకులు పడుచునే యుండును. వానలు వెళ్ళిన పిమ్మట వాగులు వెంటనే ఎండిపోకుండుటకు కారణము ఇదియే. వర్షకాలమున ఇచ్చట కాలినడకన తిరుగువారికి జలగల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఉప్పుమూట వెంట నుంచుకొన్నవారు తెలివిగలవారు.

“పులి కనబడునా?” అని ఎవరో యొకరు తప్పక అడుగుదురు. “పులికి మీరు కనబడుదురు” అని మార్గదర్శి బదులు చెప్పును. ఇది ఆ వృత్తివారి పాత హాస్యము. ఏనుగులు మాత్రము బాటకు అడ్డముగానే రావచ్చును. ముఖము చుట్టును తెల్లని జూలు, సింహమునకు వలె తోకకు కుచ్చు గల నల్లని సింగిలీకము అదృష్టవశమున కనబడును. పడమటి కనుమలలో దక్క ప్రపంచమున మరెచ్చటను ఆ కోతి లేదు. అయినను ఈ అడవికి అసలు గుర్తు ఒక పక్షి.

మలయాళులు దానిని వేళాంబల్ అందురు, ఇంగ్లీషువారి హార్న్‌బిల్. కేరళమున నాలుగు జాతులున్నవి. ఆ నాలుగును వాళచ్చాల్ అడవులలో గలవు. వానిలో పెద్దదియే ఆ రాష్ట్రమునకు అధికార పక్షి. పొడవు మూడడుగులకు మించును. వంగిన పచ్చని ముక్కు, దానిపై పీటవంటి దిమ్మె. ఎగురునపుడు రెక్కల చప్పుడు దూరమునుండి ఆవిరిబండి వచ్చుచున్నట్లు వినబడును. మన కావ్యములలోని చాతకమువలె ఇది వానచినుకులకై నోరు తెరచి ఎదురుచూచునని మలయాళుల నమ్మకము. ఎవరైన దేనికొరకైన తపించుచున్నచో “వేళాంబల్ వలె” అందురు. దాని నిజమైన నిరీక్షణ అంతకంటె ఆశ్చర్యకరము.

చలికాలపు చివర ఆడపక్షి ఒక ముదిచెట్టు తొర్రలో ప్రవేశించి, తన రెట్టతోను పండ్లగుజ్జుతోను ద్వారమును పూడ్చుకొనును. ముక్కు పట్టునంత సన్నని చీలిక మాత్రమే మిగుల్చును. లోపల గ్రుడ్లు పెట్టి పొదుగుచు, రెక్కల ఈకలు రాల్చుకొని, ఎగురలేని స్థితిలో కొన్ని నెలలు గడపును. అన్నాళ్ళును మగపక్షి మర్రి, జువ్వి జాతుల పండ్లు గొంతులో నింపుకొని వచ్చి, ఒక్కొక్కటిగా చీలికగుండ అందించును. ఆ మగపక్షి వేటకు బలియైనచో లోనివారికి ఆహారము తెచ్చువారుండరు. అంత తొర్ర ఏర్పడుటకు చెట్టు ఎన్నియో దశాబ్దములు బ్రతికి యుండవలెను. ఒకే తొర్రను ఏటేట వాడుకొనుట ఈ పక్షుల అలవాటు. కావున ఒక చెట్టు పడినచో ఒక ఇల్లు పోయినట్లే. ఈ పక్షులు మ్రింగిన పండ్ల గింజలు దూరదూరముల పడి మొలచుటచేత అడవి తిరిగి పుట్టుచుండును.

ఈ చెట్లను ఎరిగినవారు కాడర్లు. తమిళ మలయాళములలో కాడు అనగా అడవి. మన తెలుగున ఆ మాట ‘వల్లకాడు’లో నిలిచియున్నది. ఆనమలై అడవులలో తేనె, మైనము, తెల్ల గుగ్గిలము సేకరించి జీవించు ఆదివాసులు వారు. 1909 లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణభారత కులములను గూర్చియు, అనంతకృష్ణయ్యర్ కొచ్చిన్ తెగలను గూర్చియు వెలువరించిన గ్రంథములలో కాడర్ల ప్రస్తావన కలదు. వెదురుమేకులు దిగగొట్టుచు ఎంతటి మ్రానునైన ఎక్కుటలో వారి నేర్పును థర్‌స్టన్ వర్ణించెను. ఆ నేర్పుతోనే వారు పూర్వము హార్న్‌బిల్ పిల్లలను తొర్రలనుండి తీసి తినుటయు కలదు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున అటవీశాఖవారును పరిశోధకులును వారిచెంతకు పోయి, గూడులను కాచి లెక్క చూచు పనిని వారికే అప్పగించిరి. ఏ చెట్టున ఏ పక్షి ఎన్నడు చేరినదో వారికంటె తెలిసినవారెవ్వరు? వేటకు పనికివచ్చిన జ్ఞానమే కాపలాకును పనికివచ్చినది. పరిశోధకుల పత్రికలలో ఇపుడు కనబడు గూళ్ళ లెక్కలు ఆ కాడర్ కాపరుల నడకలనుండి వచ్చినవి. ఈ సంగతి ఆ పత్రికలలో ఇంకను పెద్ద అక్షరములతో వ్రాయవలసి యుండెను. 2014 లో అటవీహక్కుల చట్టము ననుసరించి వాళచ్చాల్ ప్రాంతమున తొమ్మిది కాడర్ గూడెములకు సామూహిక అటవీహక్కులు లభించినవి. ఆ హక్కుల క్రిందికి వచ్చు అడవి సుమారు 400 చదరపు కిలోమీటర్లు.

వాళచ్చాల్ వంతెనకడ యాత్రికులను నిలిపి మార్గదర్శి ఎగువకు వ్రేలు చూపును. చూచుటకు అచ్చట నేమియు లేదు. నది, బండలు, గట్టుననున్న చెట్లు మాత్రమే. ఏమియు లేకుండుటయే విశేషము. అచ్చట 23 మీటర్ల ఆనకట్ట కట్టి, నీటిని సొరంగముగుండ మళ్ళించి, జలపాతమునకు దిగువన 163 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేయవలెనని రాష్ట్ర విద్యుత్ బోర్డువారు తలపెట్టిరి. 138 హెక్టార్లకు పైబడిన అడవి దానికి కావలసివచ్చెను. అందు నదీతీరపు లోతట్టు అడవియు, చిన్న హార్న్‌బిల్ జాతుల గూళ్ళును, కాడర్ గూడెముల పరిసరములును ఉన్నవి.

బోర్డువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. విద్యుత్తు వలదని చెప్పుట సులభము. దీపము లేనిచో సాయంకాలము ఏ గ్రంథాలయపు పఠనమందిరమైనను మూతపడును. సాయంత్రపు గిరాకీ తీర్చుటకు జలవిద్యుత్తు మిక్కిలి అనుకూలము. జలపాతము ఎండకుండ కొంత నీటిని విడుతుమని కూడ వారు మాట ఇచ్చిరి. అయితే నదిలో అంత నీరున్నదా యన్నది ప్రశ్న. చాలక్కుడి నదిపై అప్పటికే ఆనకట్టలు పలు కలవు. కొంత నీరు పరంబికుళం–ఆళియారు పథకము ద్వారా తమిళనాడునకు తరలుచున్నది. చాలక్కుడి పుళ సంరక్షణ సమితివారు ఈ లెక్కలను నిలదీసిరి. 2017 లో కీర్తిశేషులైన లతా అనంత అను పరిశోధకురాలు ప్రవాహపు గణాంకములను పరిశీలించి, చూపిన నీటికిని ఉన్న నీటికిని పొత్తు కుదరదని వాదించుచు ఏండ్లు గడపిరి. దిగువన తుంబూర్ముళి ఆనకట్ట క్రింది రైతులు, పగలెల్ల నీరాపి సాయంత్రము వదలినచో తమ కాలువల గతి యేమని అడిగిరి. తీరపు గ్రామములవారు తాగునీటి సంగతి ఎత్తిరి. కాడర్లు న్యాయస్థానము మెట్లెక్కిరి. పూర్వము ఆనకట్టలు వచ్చినపుడెల్ల లేచిపోవలసివచ్చినది వారే, మరియొకమారు కదలమనిరి.

1998 లో కేంద్రపు పర్యావరణ అనుమతి వచ్చెను. 2001 లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. 2005 లో మరల అనుమతి. 2006 లో మరల రద్దు. 2007 లో మూడవమారు అనుమతి. 2011 లో మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన పడమటి కనుమల నిపుణుల సంఘము ఈ పథకము కూడదని చెప్పెను. 2020 లో రాష్ట్రప్రభుత్వము దానిని తిరిగి కదపగా నలుదిక్కుల అలజడి లేచినది. 2021 లో విడిచిపెట్టుచున్నట్లు తెలిపినది. అదే కేరళమున సైలెంట్ వ్యాలీ అడవి ఇట్టి తగవునుండియే బయటపడి 1984 లో జాతీయోద్యానమైనది. వాళచ్చాల్‌కు అట్టి రక్ష ఏదియు రాలేదు. కాగితము బీరువాలోనికి పోయినదే కాని చిరిగిపోలేదని అచ్చటివారి భయము.

అచ్చటినుండి బండి వంకరలు తిరుగుచు పొరింగళ్‌కుత్తు చేరును. 1957 నుండి పనిచేయుచున్న ఆనకట్ట అది. యాత్రికులకు ఉదయమున చెప్పిన యంత్రశాల గడియారము ఇదియే. 2018 ఆగస్టు వరదలలో నది ఈ కట్టను దాటి పొర్లినది. కొట్టుకొనివచ్చిన మ్రానులు దానిమీద చిక్కుకొనెను. ఆపై షోలయార్, 1960 తరువాతి దశకపు నిర్మాణము. జలాశయపు నీరు నీలముగా, చూచుటకు ముచ్చటగా నుండును. దాని అడుగున నున్నది కూడ ఇట్టి అడవియే యని ఎవరైన చెప్పిననే గాని తోచదు.

ఈ అడవికి మరియొక చరిత్ర కలదు. 1907 నాటికి కొచ్చిన్ సంస్థానమువారు పరంబికుళం నుండి చాలక్కుడికి ఇంచుమించు 50 మైళ్ళ ట్రామ్ మార్గము వేసి, టేకును ఇరుగుడును దించిరి. 1963 లో అది మూతపడెను. దాని పట్టాలు ప్రాకిన లోయలలో ఇపుడు మరల చెట్లు మొలచియున్నవి. మలక్కప్పార చేరునప్పటికి అడవి కత్తితో కోసినట్లు ఆగిపోవును. కొండలన్నియు దువ్వినట్లున్న తేయాకు తోటలు. యాత్రికులకు ఆ పచ్చదనమే హాయిగా తోచుట కద్దు. అచ్చట వెలుతురున్నది, గాలియున్నది, కాంతారపు ఉక్క లేదు. కాని ఆ తోటలలో ఒక్క తొర్రచెట్టు కనబడదు.

తిరుగు ప్రయాణమున పిల్లలు నిద్రపోవుదురు. పెద్దలు కిటికీలవైపు చూచుచుందురు. అడవి దాటుచోట నిలిపి సీసాల లెక్క మరల చూతురు; ఒకటి తగ్గినచో సంజాయిషీ చెప్పుకొనవలెను. అతిరప్పిళ్ళికడ బండి మరల వచ్చునప్పటికి కావలివారు ఈలలు వేయుచు చివరివారిని బండలమీదినుండి పైకి పంపుచుందురు. క్రింద చాలక్కుడిలో దీపములు వెలుగును. ఎగువన పొరింగళ్‌కుత్తు యంత్రములు తిరుగుచుండును. అవి విడిచిన నీరు వాళచ్చాల్ బండలు దాటి, ఆనకట్ట కట్టని ఆ చోటును దాటి, చీకటిలో ఎవరును చూడనివేళ 80 అడుగులు దూకును.